ఏటికి ఎదురు

ఆరేళ్ళ పాటు మా అత్త ఎడమకాలికి నేను రోజూ తప్పు దిక్కులో నూనె రాశాను. తెలిసి చేసిన పాపం కాదు. కానీ తెలుసుకోవాల్సిన మనిషిని నేనే కాబట్టి, తెలియదనే మాట కూడా గట్టిగా అనలేను. ఆస్పత్రి లేబ్‌లో రోజంతా రక్తం చూడ్డం నా ఉద్యోగం. ఒంట్లో ఏది ఎటు పారుతుందో రాసి, పరీక్ష పాసై, ఆ కాగితం చూపించి ఉద్యోగంలో చేరినదాన్ని. ఇంటికొచ్చి మాత్రం అత్త ఎటు రాయమంటే అటు రాశాను.

అత్త అంటే మా నాన్నకి స్వయానా అక్క. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి చిన్నప్పటి "నువ్వు" పెళ్ళయ్యాక "మీరు" కాలేదు. మా రెండు కుటుంబాలదీ శ్రీకాకుళం సముద్రపొడ్డు. బొగ్గింజన్ల కాలంలో మామయ్యకి బిలాస్‌పూర్ షెడ్లో పని దొరికితే అత్త వెనకాల వచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె సొట్టలు పడి మూలకి చేరింది, చెక్కపెట్టెని చెదలు తిన్నాయి, మామయ్య కూడా పోయాడు. చివరిదాకా ఆవిడతో ఉన్నది బోదకాలు ఒక్కటే. చిన్నప్పుడు మా ఊరి దోమలు పెట్టిన పురుగు అది. రక్తంలో పురుగు ఎప్పుడో చచ్చిపోయింది, ఆ పరీక్ష నేనే చేశాను. కానీ అది ఊరికే చావలేదు. కాల్లో నీరు నడిచే సన్నని దారుల్ని పాడుచేసి మరీ చచ్చింది.

ప్రతి వానాకాలం రెండు మూడు సార్లు ఆవిడకి జ్వరం వచ్చేది. మధ్యాహ్నం బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి దుప్పట్లు కప్పమనేది. గజ్జల్లో బిళ్ళ కట్టేది. కాలు ఎర్రబడి చెయ్యి పెడితే కాలేది. నాలుగైదు రోజులకి జ్వరం దిగేది గానీ కాలు దిగేది కాదు, మునుపటికన్నా కాస్త లావయ్యేది. లంగా బొందు ముక్క ఒకటి దగ్గర పెట్టుకుని చీలమండ చుట్టూ కొలిచి ముడి వేసేదాన్ని. ఆరేళ్ళలో ముళ్ళన్నీ ఒకే వైపుకి జరిగాయి.

అత్తకి నొప్పంటే భయం లేదు. చూసేవాళ్ళు "హాథీపావ్", ఏనుగుకాలు అని గుసగుసలాడుకున్నా పట్టించుకునేది కాదు. ఆవిడ భయమంతా పెరటి చివరున్న పాయిఖానా గురించే. మా క్వార్టరు పాతది. పాయిఖానా దాకా పెరడంతా నడవాలి, రెండు మెట్లెక్కాలి, ఎక్కాక గొంతుక్కూర్చోవాలి. వాపు అప్పటికి మోకాలి కింద బెత్తెడు దూరంలో ఉంది. "ఇది మోకాలు దాటితే కాలు ముడవదు" అని ఆస్పత్రిలో చెప్పారు. అత్త ఆ మాట విని ఇంటికొచ్చి, అందర్నీ కూర్చోబెట్టి ఒకటే చెప్పింది.

"నాను గొంతుక్కూకోగలిగినన్నాళ్ళే మీకు పెద్దదాన్ని. ఆ తరవాత నన్నెవులూ ఎత్తొద్దు, మొయ్యొద్దు. నాకొద్దు ఆ బతుకు."

ఊరికే బెదిరింపులకి అనే మనిషి కాదు. అందుకే మా ఇంట్లో ప్రతి వానాకాలం ఆ మోకాలి కోసమే గడిచేది.

ఇక తప్పు ఎక్కడ జరిగిందంటే, నా నోట్లోనే జరిగింది. పెళ్ళయిన నాలుగో ఏట అత్తని ఓపీడీకి తీసుకెళ్ళాను. ఆవిడకి బజారు హిందీ వచ్చు, డాక్టరు హిందీ రాదు. డాక్టరు కాలు చూసి, "హల్కే హాథ్ సే మాలిష్ కరో, సూజన్ ఉతారో" అన్నాడు. వెనక నలభై మంది లైన్లో ఉన్నారు. ఎటు నుంచి ఎటు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బయటికొచ్చి అత్తకి తెలుగులో అప్పజెప్పాను.

"మెల్లగా నూనె రాసి వాపు దించమన్నారు అత్తా."

"దించడవంటే కిందకే కదేటి" అంది అత్త. "దిష్టి ఎలగ దించుతావు? నెత్తి మీంచి కాళ్ళ కిందకి. ఇదీ అలగే. మోకాలి కాడ పట్టుకుని వేళ్ళ దాకా గట్టిగా నాగీ."

హిందీలో ఉతరడం, తెలుగులో దిగడం. జ్వరమూ దిగుతుంది, కోపమూ దిగుతుంది, నిచ్చెన మీంచి మనిషీ దిగుతాడు. రెండు భాషలూ కలిసి ఒకే వైపుకి చూపిస్తుంటే నాకు అనుమానం ఎందుకొస్తుంది? ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

నా రోజు ఎలా ఉండేదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పొద్దున్న ఐదింటికి నీళ్ళు పట్టాలి, ఎనిమిదింటికి లేబ్‌లో ఉండాలి. వేళ్ళు పొడిచి రక్తం తియ్యడం, స్లైడు మీద పరిచి రంగు వెయ్యడం, ఆరాక మైక్రోస్కోపు కింద తెల్లకణాలు వంద లెక్కపెట్టడం. ఒక కంటితో చూస్తూ ఒక వేలితో మీట నొక్కుతూ వంద. మళ్ళీ ఇంకొకరిది వంద. సాయంత్రం అయ్యేసరికి కళ్ళు మూసుకున్నా ఊదారంగు చుక్కలే. మెడ తిరిగేది కాదు. ఇంటికి నడిచి వస్తుంటే షెడ్ నుంచి వచ్చేవాళ్ళ సైకిళ్ళు నన్ను దాటిపోయేవి, ఒక్కోసారి వాళ్ళ మీద ఏడుపొచ్చేది. వాళ్ళు ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుంటారు.

నేను గేటు తియ్యకముందే మావాళ్ళకి తెలిసిపోయేది, నా చీర స్పిరిటు వాసన కొట్టేదట. "వదినా, చాయ్" అని మరిది. "నా ఇంకో షర్టు ఎక్కడ పెట్టావ్?" అని మా ఆయన. "అమ్మా, తెలుగు హోంవర్క్, నాకు నహీఁ ఆతా" అని మా అమ్మాయి. ఒక్కరు పిలిస్తే మిగతా ఇద్దరికీ ఏదో ఒకటి గుర్తొచ్చేది. చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిన రోజులున్నాయి.

వీటన్నిటి మధ్యలో వరండాలో నులకమంచం మీంచి అత్త గొంతు.

"ఒసే, ఒచ్చీసినావా? కాలు పీకెత్తంది. రా, కూకో."

అప్పుడు నిజంగా కాలు విరగ్గొట్టాలనిపించేది, ఆవిడదో నాదో. నువ్వుల నూనె గిన్నె తీసుకుని, మంచం పక్కన పీట వేసుకుని, ఆ కాలిని ఒళ్ళో పెట్టుకునేదాన్ని. బస్తా అంత బరువు. చర్మం బత్తాయి తొక్కలా గరుకు. మోకాలి కింద రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి, పాదం దాకా, వేళ్ళ దాకా. అరగంట. అత్త గోడకి ఆనుకుని వీధికేసి చూస్తుండేది. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకునేది. నూనె వేడిగా ఉందేమో అనుకునేదాన్ని. ఆ అరగంటా ఇంట్లో ఎవరూ పిలిచేవారు కాదు, అత్త కాలంటే అందరికీ హడలు. నేను మాత్రం పెదవి కదపకుండా ఆవిణ్ణి తిట్టుకుంటూనే రాసేదాన్ని. ఎన్ని తిట్లు తిట్టానో ఇప్పుడు గుర్తు చేసుకోవాలంటే సిగ్గేస్తుంది.

మా లేబ్ పెద్ద, ఒక బెంగాలీ డాక్టరు. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. భార్య పోయిన మనిషి, ఇంటికి వెళ్ళే తొందర ఉండేది కాదు. ఆయనకొక పిచ్చి. రంగు వేసిన స్లైడు ఆయన దృష్టిలో శవం. "ముర్దా దేఖ్ దేఖ్ కే థక్తీ నహీఁ హో?" అని నన్ను అడిగేవాడు, శవాల్ని చూసి చూసి విసుగు రావడం లేదా అని. విసుగు శవాల వల్ల కాదు సార్, వాటిని లెక్కపెట్టడం వల్ల అని మనసులో అనుకునేదాన్ని.

ఒక జూన్ మధ్యాహ్నం, వానలు ఇంకా పడలేదు. పేషెంట్లు లేరు. ఫేను వేడిగాలి తిప్పుతోంది. డాక్టరు తన బొటనవేలే పొడుచుకుని, ఒక చుక్క గాజు మీద వేసి, పైన పల్చటి గాజు బిళ్ళ మూశాడు. రంగు లేదు, ఏమీ లేదు. ఒక అంచున ఉప్పునీటి చుక్క పెట్టి, ఎదుటి అంచుకి బ్లాటింగ్ పేపరు ముక్క ఆనించాడు. కాగితం నీటిని పీల్చుకుంటుంటే గాజుల మధ్య చిన్న కాలవ పారడం మొదలైంది. వాడిన కణాలు కాదు, ఇప్పుడే ఒంట్లోంచి వచ్చినవి, చూడు అన్నాడు.

కన్ను పెట్టాను. ఎర్రకణాలు వానాకాలం అర్పా నదిలో చెత్తలా కొట్టుకుపోతున్నాయి. ఆగే తెలివి ఒక్కదానికీ లేదు. వాటి మధ్యలో ఒక తెల్లకణం దొర్లుకుంటూ వచ్చి, నెమ్మదించి, గాజుని పట్టుకుని ఆగిపోయింది. ఎర్రవి దాన్ని గుద్దుకుంటూ పోతున్నాయి. అది కదల్లేదు. కాసేపటికి ఒక పక్క నుంచి పాదం లాంటిది చాపింది. మిగతా ఒళ్ళు దాని వెనకాల ఈడ్చుకుంది. మళ్ళీ పాదం. అలా ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ నీరు వచ్చే వైపుకే నడిచింది. ఇంకో రెండు నీటితో పాటే నడిచాయి. నాకు మాత్రం ఆ ఎదురు నడిచేదే కనిపిస్తోంది. పదేళ్ళుగా ఈ జాతిని వందలు వందలుగా లెక్కపెట్టాను, ఒక్కటి నడవడం ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు కాగితాన్ని రెండో అంచుకి మార్చి, నీటిచుక్కని ఎదుటి అంచున పెట్టాడు. కాలవ ఆగి, వెనక్కి తిరిగింది. ఆ కణం కూడా ఆగింది. ఒక నిమిషం ఏమీ చెయ్యలేదు. ఆ తర్వాత దాని పాదం మెల్లగా రెండో వైపు నుంచి వచ్చింది.

"దీనికి కళ్ళున్నాయా సార్?" అన్నాను.

"ఆంఖ్ నహీఁ. ధక్కా సమఝ్తా హై" అన్నాడు. కళ్ళు లేవు, తోపు తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడిగితే, తనకీ తెలీదన్నాడు. తెలీదని చెప్పే డాక్టర్లు నాకెప్పుడూ నచ్చుతారు.

అప్పుడాయన టీ తాగుతూ మిగతాది చెప్పాడు. రక్తంలోనే కాదు, చర్మం కింద కూడా వీటి జాతి కాపలా ఉంటుంది. పాదానికి చిన్న పగులు వస్తే చాలు, క్రిములు దూరతాయి. కాపలా కణం వాటి జాడ పట్టుకుని కబురు చెప్పడానికి బయల్దేరుతుంది. వెళ్ళాల్సింది గజ్జల్లోని బిళ్ళ దగ్గరికి, సైన్యం ఉండేది అక్కడ. దారి ఎవరు చూపిస్తారు? కండల మధ్య ఊరే నీరు సన్నని గొట్టాల్లో పడి పైకి పోతుంటుంది, ఆ నీటి నడకే దారి. గొట్టాల్లో చిన్న చిన్న తలుపులున్నాయి, అన్నీ పై వైపుకే తెరుచుకుంటాయి. నీరు నిలిచిపోతే కాపలా కణానికి ఎటు వెళ్ళాలో తెలీదు. కబురు అందదు. క్రిములు అక్కడే కాపురం పెడతాయి. అందుకే వాచిన కాలికి ఊరికూరికే జ్వరాలు.

చాలా ఏళ్ళ తర్వాత, కోనిలో యూనివర్సిటీ కేంపస్‌లో చదివే ఒకమ్మాయి మా లేబ్‌కి వచ్చినప్పుడు ఇంకో సంగతి చెప్పింది. ఆ కణం తన వాసన తానే వదులుతుందట. నీరు ఆ వాసనని ముందుకి మోసుకుపోతే, ముందు వైపు వాసన ఎక్కువై, అది తన వాసన పట్టుకుని తానే నడుస్తుందట. నాకు నవ్వొచ్చింది. నా స్పిరిటు వాసన కూడా నాకంటే ముందే ఇంటికి చేరేది, ఆ తర్వాతే పిలుపులు మొదలయ్యేవి.

కానీ ఆ జూన్ మధ్యాహ్నం నాకు నవ్వు రాలేదు. తలుపులన్నీ పై వైపుకే తెరుచుకుంటాయన్న మాట దగ్గరే ఆగిపోయాను. రోజూ అరగంట, బలమంతా పెట్టి, మూసిన తలుపుల మీదకి నీటిని నెడుతున్నాను. డాక్టరుతో అన్నాను, మా ఇంట్లో కిందికి రాస్తాం సార్ అని.

ఆయన కప్పు కింద పెట్టాడు. "నీచే కీ ఓర్? కితనే సాల్ సే?" కిందికా, ఎన్నేళ్ళుగా అని.

"ఛే సాల్."

తిడతాడనుకున్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక కాలి బొమ్మ గీశాడు. పైకి బాణాలు. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి, పగుళ్ళకి మందు రాయాలి, మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టాలి. నూనె వద్దు, బలం వద్దు, దూదితో తుడిచినట్టు పైకి పది నిమిషాలు చాలు. ఇదంతా ఆవిడే చేసుకోగలదు అన్నాడు. ఈ వానలకి జ్వరం రాకుండా చూసుకుంటే మోకాలు దక్కుతుంది. ఇంకొక్క పెద్ద జ్వరం వస్తే తనేమీ చెప్పలేనన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఆ రోజు ముగ్గురూ పిలిచారు, ఎవరికీ జవాబు చెప్పలేదు. పీట వేసుకుని కూర్చుని, అత్త కాలు ఒళ్ళో పెట్టుకుని, నూనె ముట్టుకోకుండా పాదం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రాయబోయాను.

అత్త కాలు విదిలించింది.

"ఏటే, తిరగేసి రాత్తన్నావు? ఏటికి ఎదురు?"

ఎందుకు ఎదురు అని ఆవిడ అడిగింది. మా వాళ్ళ మాటలో ఏటికి అంటే ఎందుకని. బళ్ళో చదువుకున్న తెలుగులో మాత్రం ఏటికి అంటే నదికి. ఏటికి ఎదురీదడం అని పంతులుగారు బోర్డు మీద రాయించేవారు. మధ్యాహ్నం చూసిన ఆ కణం, కొట్టుకుపోయేవన్నీ గుద్దుతుంటే పాదం చాపి పాదం చాపి నడవడం, కళ్ళ ముందుకొచ్చింది.

అత్తకి అబద్ధం చెప్పాను. వైద్యం మారిందట, ఇప్పుడు పైకి రాయమంటున్నారు అన్నాను. నేను తప్పు చెప్పానని మాత్రం అనలేదు.

"పైకి నెడితే వాపు గుండెలకెక్కీదేటి?" అంది అత్త. "డాక్టరు చెప్తే సరా? కాలు డాక్టరుదేటి?"

ఐదు రోజులు ఒప్పుకోలేదు. ఆకాశం మబ్బు పడుతోంది. తొలి చినుకు పడితే పెరడంతా బురద, బురద అంటే వేళ్ళ సందుల్లో పగుళ్ళు, పగుళ్ళంటే జ్వరం. నాకు నిద్ర పట్టేది కాదు. గొట్టాలు, తలుపులు అని చెప్తే గోడకేసి చూసేది. ఆరో రోజు విసుగొచ్చి అరిచాను.

"మరి మేకు గుచ్చుకునేది పాదానికి కదా! బిళ్ళ గజ్జల్లో ఎందుకు కడుతుంది? కబురు పైకి పోకుండానే కట్టిందా?"

అత్త నోటి దగ్గరికి వెళ్ళిన తమలపాకు ఆగిపోయింది. బిళ్ళ సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు, ఏ ముసలమ్మకీ చెప్పక్కర్లేదు. చేతికి దెబ్బ తగిలితే చంకలో, కాలికి తగిలితే గజ్జల్లో.

"అచ్ఛా" అంది. "ఠాణా పైనున్నాదన్నమాట."

"ఆఁ. ఠాణా పైనే ఉంది. నేను రోజూ పోలీసుల్ని కిందికి ఈడ్చుకొస్తున్నాను."

అత్త నవ్వింది. కాలు చాపింది.

ఆ వానాకాలం మా ఇంట్లో అందరూ ఆ కాలినే కాపలా కాశారు. మా ఆయన షెడ్ నుంచి నాలుగు ఇటుకలు తెచ్చి మంచం కింద పెట్టాడు. అత్త పొద్దున్నే చాప మీద కూర్చుని, చంటిబిడ్డకి పోసినట్టు తన కాలికి తానే నీళ్ళు పోసుకుని, సబ్బు రాసుకుని, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ పాత చీర ముక్కతో తుడుచుకునేది. తర్వాత పది నిమిషాలు పైకి రాసుకునేది. నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ప్రతి సాయంత్రం ఆవిడ నుదురు ముట్టుకుని చూసేదాన్ని, అంతే. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది. లాల్‌ఖదాన్ వైపు పట్టాల పక్కన నీళ్ళు నిలిచి దోమలు పెరిగాయి, ఊళ్ళో సగం మందికి జ్వరాలొచ్చాయి, లేబ్‌లో కూర్చోడానికి చోటు లేదు. అత్తకి రాలేదు. భాద్రపదంలో ఒకరోజు వణుకొచ్చిందంటే నా ప్రాణం పోయినంత పనైంది, తీరా చూస్తే తడి జాకెట్టు వేసుకుంది. వానలు వెనకబట్టాక లంగా బొందు తీసి కొలిచాను. ముడి మొదటిసారి రెండో వైపుకి జరిగింది.

అత్త పెరడంతా నడుస్తోంది. రెండు మెట్లెక్కుతోంది. లింగియాడీహ్ నుంచి ఆకుకూరలు తెచ్చే ఆవిడతో గేటు దగ్గర నిలబడి ఛత్తీస్‌గఢీలో బేరం ఆడుతోంది. నేను సంతోషించాల్సింది. సంతోషించాను కూడా. కానీ ఆ నాలుగు నెలలూ నేను పడిన అలసట అంతకుముందు ఎప్పుడూ పడలేదు, ఎందుకో నాకు అర్థం కాలేదు. పని తగ్గింది కదా, అరగంట మిగిలింది కదా. మరి ఆ అరగంట ఏదీ? వదినా చాయ్, నా షర్టు, అమ్మా హోంవర్క్. గేటు తీసినప్పటి నుంచి పడుకునేదాకా ఒక్కచోట కూర్చున్నట్టు గుర్తులేదు. ఒకరోజు వంటింట్లో నిలబడే కునికాను, పాలు పొంగిపోయాయి.

ఆ సాయంత్రమే అత్త పక్కన నిలబడి చెప్పేశాను. మనసులో ఉంచుకుని తిరిగే ఓపిక కూడా అయిపోయింది.

"అత్తా, వైద్యం ఏమీ మారలేదు. అప్పుడు డాక్టరు చెప్పినదాన్ని నేనే సరిగ్గా చెప్పలేదు. దించమన్నారని కిందికి రాశాను. ఆరేళ్ళు నీ కాలుని నేనే పాడుచేశాను."

అత్త తమలపాకుకి సున్నం రాస్తూ తలెత్తలేదు.

"నాకు తెల్దేటి" అంది.

"ఏం తెలుసు?"

"కిందకి నాగినప్పుడల్లా వేళ్ళు పగిలిపోతన్నట్టుండీవి. మంచికి రాత్తే అలగ ఉంటాదేటి? మొదటేడే తెలిసింది నాకు."

కొంగు పళ్ళ మధ్య పెట్టుకోవడం గుర్తొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు. మోకాలు పోయేది. గొంతుక్కూర్చోలేకపోతే బతకనని అందరి ముందూ అన్న మనిషి.

"మరి ఎందుకు చెప్పలేదు? ఒద్దని ఒక్క మాట అంటే మానేసేదాన్ని కదా!"

"మానేత్తువు. మానేసి ఏటి చేద్దువు?" అత్త ఆకు మడిచింది. "పొద్దున్న నీళ్ళ కాడినించి నిలబడే ఉంటావు. నువ్వు కూకునేది ఆ అరగంటే కాదేటే. నాను కాలు చాపకపోతే ఈ ఇంట్లో నిన్నెవులు కూకోనిత్తారు?"

ఆ అరగంటా ఇల్లు నిశ్శబ్దంగా ఉండడం, ఆవిడ వీధికేసి చూస్తూ కూర్చోవడం, నేను లోపల తిట్టుకుంటూ ఉండడం, అన్నీ ఒక్కసారి కమ్ముకున్నాయి. ఆవిడ మీద కోపం తగ్గలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

లోపల్నుంచి మరిది గొంతు వినిపించింది. "వదినా, చాయ్!"

నేను కళ్ళు తుడుచుకుని వెళ్ళబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. పీటని కాలితో నా వైపు తోసింది. ఎడమకాలు మంచం మీదే ఉంచుకుని, పుట్టాక ఏ రోగమూ రాని కుడికాలిని ముందుకి చాపి, ఇల్లంతా వినపడేలా అరిచింది.

"చాయ్ నువ్వే పెట్టుకోరా! నాకీ కాలు పీకెత్తంది!"